బ్రిటనీ ప్రభువుల వంశచరిత్రను తవ్వడం ఎలా: రోహాన్ కుటుంబం ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

ఫ్రాన్స్‌కు పడమటి కొసన, అట్లాంటిక్‌లోకి పొడుచుకొచ్చిన నేల బ్రిటనీ. 1532లో ఫ్రాన్స్ రాజ్యంలో అధికారికంగా కలిసేదాకా అక్కడ సొంత డ్యూకులు, సొంత ఖజానా, సొంత న్యాయస్థానాలు ఉండేవి. డ్యూకు కింద పదుల సంఖ్యలో ప్రభు కుటుంబాలు: రోహాన్, క్లిసన్, లావాల్, రియూ, పెంతియెవ్. మధ్యయుగ యూరప్ మీద ఆసక్తి ఉండి, ఒక్క కుటుంబాన్ని పట్టుకుని లోతుగా వెళ్లాలనుకునేవారికి ఇంతకంటే మంచి చోటు తక్కువే. కాగితాలు బాగా మిగిలాయి, చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, కోటలూ నిలబడే ఉన్నాయి.

ఇక్కడ రోహాన్ కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. పద్ధతి మాత్రం పైన చెప్పిన ఏ కుటుంబానికైనా పనికొస్తుంది. మామూలుగా అందరూ వంశవృక్షంతో మొదలుపెడతారు: ఫలానా అలెన్, అతని కొడుకు అలెన్, అతని కొడుకు జొస్లాన్. అలా మొదలుపెడితే ఎక్కడికీ చేరరు. వృక్షంలో కనిపించేవి మగవాళ్ల పేర్లు. కానీ ఆ కుటుంబం చేతికి వచ్చిన నేలలో పెద్ద భాగం ఆడవాళ్లతో వచ్చింది. అందుకే వృక్షాన్ని చివరికి వదిలేసి నేలతో మొదలుపెడదాం.

1. ముందు పటం గీయండి

బ్రిటనీ పటం ఒకటి ప్రింట్ తీసుకుని ఈ ఊళ్లు గుర్తించండి: జోస్లాన్, రోహాన్, పోంటివి, లా షేజ్, గెమెనే, లాండెర్నో, బ్లాన్. మొదటి ఐదూ బ్రిటనీ నడిమధ్యన దగ్గరదగ్గరగా ఉంటాయి. లాండెర్నో మాత్రం పడమటి చివర, బ్రెస్ట్ పక్కన. బ్లాన్ ఆగ్నేయంగా, నాంత్ నగరానికి ఉత్తరాన. నడిమి బ్రిటనీ కుటుంబానికి ఆ రెండు దూరపు చోట్లు ఎలా దక్కాయి? ఈ ప్రశ్నను పటం మీదే రాసిపెట్టుకోండి. మీ పరిశోధన సగం దానికి జవాబు వెతకడమే.

మొదలు చిన్నదే. 11వ శతాబ్దం మొదట్లో గేతెనోక్ అనే వైకౌంట్ (కౌంట్ కంటే ఒక మెట్టు కింద ఉండే ప్రభువు) ఊస్ట్ నది ఒడ్డున కోట కట్టి, కొడుకు జోస్లాన్ పేరు పెట్టాడు. ఆ ప్రాంతం పేరు పోర్హోయెట్. అతని వంశంలోని వైకౌంట్ యూడన్‌కు అలెన్ అనే చిన్న కొడుకు ఉన్నాడు. 12వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అతని వాటాకు పడమటి భాగం వచ్చింది. అదే నది మీద, కొంచెం ఎగువన, రోహాన్ అనే చోట కోట కట్టుకున్నాడు. 1127లో జోస్లాన్‌లోని సెయింట్ మార్టిన్ మఠపు సన్యాసులకు ఆ కోట దగ్గర స్థలం దానమిచ్చాడు. రోహాన్ కుటుంబం పుట్టుక అదే: పెద్ద కుటుంబంలో చిన్న కొడుకు వాటా. పెద్దకొమ్మ చేతిలో జోస్లాన్, చిన్నకొమ్మ చేతిలో రోహాన్. ఈ తేడా గుర్తుంచుకోండి, మూడు వందల ఏళ్ల తర్వాత ఇది తలకిందులవుతుంది.

2. పైన ఎవరున్నారో ఒక పేజీలో

డ్యూకుల కాలక్రమం మొత్తం బట్టీ పట్టక్కర్లేదు. నాలుగు మలుపులు చాలు. 12వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ రాజు హెన్రీ 2 కొడుకు జెఫ్రీ డ్యూకు అయ్యాడు. 1213లో ఫ్రెంచి రాజకుటుంబానికి చెందిన పియెర్ ద డ్రూ వచ్చాడు. 1341 నుంచి 1365 దాకా డ్యూకు గద్దె కోసం వారసత్వ యుద్ధం, దాని చివర మోంఫోర్ వంశం గెలుపు. 1491లో డచెస్ ఆన్, ఫ్రాన్స్ రాజు చార్లెస్ 8ల పెళ్లి. మీ కుటుంబంలో ప్రతి పెద్ద మార్పునూ ఈ నాలుగింటి పక్కన పెట్టి చూడండి.

3. తేదీల దగ్గర జాగ్రత్త

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మధ్యయుగపు చివరి శతాబ్దాల్లో అక్కడ కొత్త సంవత్సరం జనవరి 1న మొదలయ్యేది కాదు, ఈస్టర్ రోజున మొదలయ్యేది. ఫ్రాన్స్‌లో జనవరి 1కి మారింది 1560ల్లో. అంటే జనవరి నుంచి ఈస్టర్ దాకా రాసిన పత్రాల మీద మన లెక్కకంటే ఒక సంవత్సరం తక్కువ ఉంటుంది.

చక్కటి ఉదాహరణ గెరాండ్ ఒప్పందం. వారసత్వ యుద్ధాన్ని ముగించిన ఈ ఒప్పందం మన లెక్కలో 1365 ఏప్రిల్ 12. ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 13న పడింది. అంటే సంతకాలు జరిగింది ఈస్టర్ ముందురోజు, పాత లెక్కలో అది ఇంకా 1364. ఒక్కరోజు ఆగి ఉంటే 1365 అయ్యేది! అలాగే 1420 ఫిబ్రవరిలో డ్యూకు జాన్ 5ను పెంతియెవ్ సోదరులు కిడ్నాప్ చేస్తే, పాత లెక్కలో ఆ ఫిబ్రవరి 1419లోకి వస్తుంది. 19వ శతాబ్దపు పుస్తకాల్లో కొందరు పాత తేదీనే ఉంచేశారు, కొందరు సవరించారు, ఇంకొందరు సవరించామని చెప్పకుండా సవరించారు.

చేయాల్సింది ఇంతే: మీ నోట్సులో రెండు గళ్లు పెట్టండి, ఒకటి పత్రం మీద ఉన్న తేదీకి, రెండోది మన లెక్కలో తేదీకి. ఏ ఏడాది ఈస్టర్ ఎప్పుడో చెప్పే పట్టికలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కానీ అప్పట్లో వాడుకలో ఉన్న జూలియన్ క్యాలెండర్ పట్టికే చూడాలి. ఒక కొడుకు తండ్రి పెళ్లికి ముందే పుట్టినట్టు కనిపించినా, చనిపోయిన మనిషి దానపత్రం రాసినట్టు కనిపించినా టెన్షన్ పడకండి. ముందు ఈస్టర్ చూడండి.

4. తొమ్మిది మంది అలెన్‌లు

రోహాన్ వైకౌంట్లలో అలెన్ అనే పేరు తొమ్మిదో అంకె దాకా వెళ్తుంది. ఆ అంకెలు వాళ్లు పెట్టుకున్నవి కావు, తర్వాతి చరిత్రకారులు పెట్టినవి. పత్రంలో ఉండేది "అలెన్, రోహాన్ వైకౌంట్" అనే. తాత ఎవరో, మనవడు ఎవరో ఆ ఒక్క మాటతో తేలదు.

తేల్చే దారి భార్య పేరు. భర్తల పేర్లు తిరిగి తిరిగి అవే వస్తాయి గానీ భార్యలు వేర్వేరు ఇళ్ల నుంచి వస్తారు. పత్రంలో "నా భార్య కాన్‌స్టాన్స్ సమ్మతితో" అని ఉంటే అది అలెన్ 3. ఆమె డ్యూకు కోనన్ 4 చెల్లెలు. ఈ దంపతులే 1184లో బాన్ రెపో అనే సిస్టర్షియన్ మఠాన్ని స్థాపించారు. "నా భార్య బియాట్రిస్" అని ఉంటే అలెన్ 8. సాక్షుల పేర్లు, బిషప్పు పేరు, మైనపు ముద్ర ఆ తర్వాత చూడాల్సినవి.

ఒక్కో వ్యక్తికి ఒక్కో కాగితం కేటాయించండి. పైన అంకె రాయకండి, భార్య పేరు రాయండి. మొదట వింతగా ఉంటుంది కానీ గందరగోళం చాలా తగ్గుతుంది. రెండు పుస్తకాలు ఒకే మనిషికి వేర్వేరు అంకెలు వేసినా మీకు ఇబ్బంది ఉండదు.

5. నేల ఎవరితో వచ్చింది?

ఎక్కువ సమయం ఈ అడుగు మీదే పెట్టండి. ముందు చట్టం తెలియాలి. 1185లో జెఫ్రీ ఒక శాసనం చేశాడు: పెద్ద జాగీర్లను ఇకపై కొడుకుల మధ్య ముక్కలు చేయకూడదు, పెద్ద కొడుకుకే మొత్తం, అతను తమ్ముళ్లకు తగినట్టు జరుగుబాటు చూడాలి. ఇలా వాటా పొందిన చిన్న కొడుకును అక్కడ జువెన్యూర్ అంటారు. జాగీరు చీలకుండా ఉండటానికి ఇది పనికొచ్చింది. పెరగడానికి మాత్రం రెండే పెద్ద దారులు: యుద్ధం, లేదా అన్నదమ్ములు లేని అమ్మాయితో పెళ్లి. రోహాన్‌లు రెండోదాంట్లో ఆరితేరారు.

పటం ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ చూడండి. 13వ శతాబ్దంలో పోర్హోయెట్ పెద్దకొమ్మకు మగ సంతానం లేకపోయింది. ఆస్తి కూతుళ్ల మధ్య పంచారు. అలెన్ 5 పెళ్లాడిన ఎలియనోర్ వాటాగా లా షేజ్ వైపు భాగం రోహాన్‌లకు వచ్చింది. జోస్లాన్ మాత్రం వేరే చేతుల్లోకి పోయింది.

తర్వాత లాండెర్నో. రోహాన్ వైకౌంట్ జాన్ 1 భార్య జీన్, లెయోన్ ప్రభువుల ఇంటి ఆడపిల్ల. 1363లో ఆమె పుట్టింటి మగ వంశం ఆగిపోయింది. లెయోన్ జాగీరు, దాంతోపాటు లాండెర్నో, రోష్ మోరిస్ కోట ఆమె ద్వారా రోహాన్‌ల చేతికి వచ్చాయి. పటం మీద పడమటి చుక్కకు జవాబు ఇదే. జాన్ 1 రెండో పెళ్లి 1377లో నవార్ రాకుమారి జీన్‌తో. ఆమె కొడుకు చార్లెస్‌తో గెమెనే శాఖ మొదలైంది. 1785లో మేరీ ఆంటోనెట్ వజ్రాలహారం కుంభకోణంలో ఇరుక్కున్న కార్డినల్ రోహాన్ ఆ శాఖవాడే.

ఇక జోస్లాన్. దాని కథ క్లిసన్ కుటుంబంతో ముడిపడి ఉంది. ఒలివియే ద క్లిసన్ తండ్రిని 1343లో ఫ్రాన్స్ రాజు ప్యారిస్‌లో తల తీయించాడు. తల్లి జీన్ ద బెల్విల్ ఓడలెక్కి ఫ్రెంచివాళ్ల మీద పగ తీర్చుకుంది. కొడుకు ఇంగ్లిష్ పక్షాన పెరిగి, 1364లో ఓరే యుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకుని, తర్వాత పక్షం మార్చి, 1380లో అదే ఫ్రాన్స్‌కు సర్వసైన్యాధిపతి అయ్యాడు. 1370లో ఒక మార్పిడి ద్వారా జోస్లాన్ కోట సంపాదించాడు. అతని రెండో భార్య మార్గరెట్ రోహాన్ ఆడపడుచు. కొడుకుల్లేరు, మొదటి భార్య వల్ల ఇద్దరు కూతుళ్లు.

ఆ ఇద్దరు కూతుళ్ల కథ పక్కపక్కన పెట్టి చదివితే బ్రిటనీ రాజకీయం మొత్తం అర్థమవుతుంది. ఒక కూతురు మార్గరెట్ పెంతియెవ్ ఇంట మెట్టింది. అది వారసత్వ యుద్ధంలో ఓడిపోయిన పక్షం. ఆమె కొడుకులే 1420లో డ్యూకును బంధించి నెలల తరబడి తిప్పారు. డ్యూకు బయటపడ్డాక పెంతియెవ్ ఆస్తులు జప్తయ్యాయి. ఇంకో కూతురు బియాట్రిస్ అలెన్ 8ను పెళ్లాడింది. 1407లో క్లిసన్ చనిపోగానే ఆమె వాటాగా జోస్లాన్, బ్లాన్ రోహాన్‌లకు చేరాయి. మూడు శతాబ్దాల కింద చిన్న కొడుకు వాటాతో విడిపోయిన కొమ్మ, పెద్దకొమ్మ కోటలో కాపురం పెట్టింది. కత్తి దూయలేదు, ఒక కోడలు వచ్చింది అంతే.

బయటికి వెళ్లిన ఆడపిల్లలనూ రాసుకోండి. అలెన్ 9 కూతురు మార్గరెట్‌ను 1449లో ఆంగులేమ్ ప్రభువు జాన్‌కు ఇచ్చారు. ఆమె మనవడే ఫ్రాన్స్ రాజు ఫ్రాన్సిస్ 1.

6. పత్రాలు ఎక్కడ, ఏవి ముందు చదవాలి

డ్యూకుల పత్రాల ఖజానా నాంత్‌లో, లోయిర్ అట్లాంటిక్ జిల్లా ఆర్కైవ్స్‌లో ఉంది. మోర్బిహాన్ జిల్లా పత్రాలకు వాన్ పట్టణం. ఇంట్లో కూర్చుని మొదలుపెట్టేవారికి మాత్రం దోమ్ మోరిస్ అనే బెనెడిక్టిన్ సన్యాసి 1742 నుంచి 1746 దాకా మూడు సంపుటాల్లో అచ్చేసిన బ్రిటనీ పత్రాల సంకలనం చాలు. ఫ్రెంచి జాతీయ గ్రంథాలయపు గల్లికా సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. విషయసూచికలో రోహాన్ పేరు పట్టుకుని పోవడమే.

పత్రాల్లో తేడాలు తెలియాలి. మఠాలకిచ్చిన దానపత్రాలు తొలి శతాబ్దాలకు దాదాపు ఒకే ఆధారం. అవి సన్యాసులు దాచుకున్నవి కాబట్టి దానం గురించి చెబుతాయి, దౌర్జన్యం గురించి తక్కువ చెబుతాయి. అవ్యూ అంటే జాగీర్దారు తన పై ప్రభువుకు "నా దగ్గర ఫలానా ఊళ్లు, మిల్లులు, అడవులు ఉన్నాయి" అని ఒప్పుకుంటూ ఇచ్చే జాబితా. చదవడానికి విసుగు, కానీ నేల లెక్కకు దీన్ని మించింది లేదు. 15వ శతాబ్దానికి పొయ్యి పన్ను (ఇంటికింత అని వేసే పన్ను) నుంచి మినహాయింపు ఉన్న కులీనుల జాబితాలు దొరుకుతాయి, చిన్న కుటుంబాలను వెతికేవారికి అవే దిక్కు.

అన్నిటికంటే బాగా మాట్లాడేవి తగాదా కాగితాలు. సామరస్యంగా బతికిన తరం గురించి మనకు నాలుగు ముక్కలు తెలిస్తే, కోర్టుకెక్కిన తరం గురించి నలభై పేజీలు తెలుస్తాయి.

భాష సంగతి: 13వ శతాబ్దం నడిమి దాకా లాటిన్, ఆ తర్వాత ఎక్కువగా ఫ్రెంచి. వాళ్ల పొలాల్లో చాలామంది మాట్లాడిన బ్రెటన్ భాషలో పత్రాలు వెతకకండి, ఉండవు. యాప్‌తో అనువాదం చేసుకుంటే స్థూలంగా విషయం తెలుస్తుంది. పేర్లు, తేదీలు, "సమ్మతితో", "వారసులతో సహా" లాంటి మాటలు మాత్రం మూలంలోనే సరిచూసుకోవాలి.

7. డాలు గుర్తులు

రోహాన్ గుర్తు ఎర్రటి నేపథ్యం మీద బంగారు రంగు మకిల్‌లు. మకిల్ అంటే మధ్యలో ఖాళీ ఉన్న డైమండు ఆకారం. మొదట ఏడు, తర్వాత తొమ్మిది. డ్యూకులది తెల్లటి ఎర్మిన్ చర్మం గుర్తు, క్లిసన్‌లది సింహం. కోట గోడ మీదో, చర్చి కిటికీ మీదో రెండు గుర్తులు పక్కపక్కన కనిపిస్తే అది పెళ్లి. సగం చీల్చిన డాలులో ఒక సగం భార్య పుట్టింటిది. అంటే ఐదో అడుగులో చేసిన పనికి ఇది రాతి సాక్ష్యం.

సరదా సంగతి ఒకటి: రోహాన్‌ల నేలలో పలకరాయి లోపల అచ్చం ఇలాంటి ఆకారంలో స్ఫటికాలు దొరుకుతాయి. గుర్తు ఆ రాళ్ల నుంచే వచ్చిందని స్థానికంగా చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది, నోట్సులో "కథలు" అన్న శీర్షిక కింద రాసుకోండి.

8. కుటుంబం తన గురించి చెప్పుకున్నదాన్ని పరీక్షించండి

"రాజును కాలేను, డ్యూకునవడం నాకు చిన్నతనం, నేను రోహాన్‌ను" అన్న అర్థం వచ్చే నినాదం ఈ కుటుంబానికి ప్రసిద్ధం. ఆ అహంకారం వెనుక ఒక పురాణం ఉంది: తాము బ్రిటనీ మొదటి రాజు కోనన్ మెరియాడెక్ సంతతి అని. తూర్పు చాళుక్యుల తర్వాతి శాసనాలు చంద్రుడితో మొదలుపెట్టి అయోధ్య రాజుల మీదుగా తమ వంశాన్ని దించుకొచ్చినట్టే ఇదీ. మన శాసనాలు చదివే అలవాటున్నవాళ్లకు ఈ ధోరణి కొత్తేమీ కాదు.

పురాణం నిజమా అన్నది త్వరగా తేలిపోతుంది: కాదు. అడగాల్సింది అది ఎప్పుడు, ఎందుకు అవసరమైందని. 1479లో వైకౌంట్ జాన్ 2, లావాల్ కౌంట్‌తో గొడవపడ్డాడు. బ్రిటనీ సభలో ఎవరు ముందు కూర్చోవాలన్నది తగాదా. దానికోసం తయారుచేసిన వినతిపత్రంలో ఈ ప్రాచీన రాజవంశ కథను రోహాన్ వైపు ఆయుధంలా వాడారు. కుర్చీ కోసం వెయ్యేళ్ల వంశం కావలసివచ్చింది. 1707లో దోమ్ లోబినో అనే సన్యాసి తన బ్రిటనీ చరిత్రలో కోనన్‌ను పక్కన పెడితే రోహాన్‌లకు నచ్చలేదు. ఆ తర్వాత వచ్చిన దోమ్ మోరిస్ రోహాన్‌ల ఆశ్రయంలో పనిచేసినవాడు, కోనన్‌ను తిరిగి నిలబెట్టాడు. ఆరో అడుగులో నేను చదవమన్న సంకలనం ఆయనదే. అచ్చేసిన పత్రాలను వాడుకోండి, వాటి చుట్టూ అల్లిన కథనాన్ని అనుమానించండి.

జాన్ 2 ఆశ ఉత్త గొప్పలే కాదు, దానికి చట్టపరమైన వాదన కూడా ఉంది. అతని భార్య మేరీ, డ్యూకు ఫ్రాన్సిస్ 1 కూతురు. 1450లో ఆ డ్యూకు చనిపోతే కూతుళ్లను కాదని తమ్ముడికి గద్దె ఇచ్చారు, గెరాండ్ ఒప్పందం ప్రకారం మగవాళ్లు ఉండగా ఆడవాళ్లకు రాదని. సరే. కానీ 1488లో డ్యూకు ఫ్రాన్సిస్ 2 కొడుకుల్లేకుండా చనిపోయినప్పుడు పదకొండేళ్ల కూతురు ఆన్‌ను డచెస్ చేశారు. ఆడపిల్ల ఏలొచ్చు అనేటట్టయితే, పెద్దకొమ్మ కూతురైన మేరీ హక్కు ఏమైంది? రోహాన్ అడిగింది అదే. నా మటుకు వాదన బలంగానే ఉందనిపిస్తుంది. కానీ అప్పటికే అతను ఫ్రాన్స్ రాజు పక్షం చేరి బ్రిటనీలో నమ్మకం పోగొట్టుకున్నాడు. అంతకుముందు సోదరి కేథరిన్‌తో సంబంధం ఉందని ఒక పెద్దమనిషిని చంపించి, 1484 దాకా డ్యూకు ఖైదులో ఉన్న చరిత్ర కూడా ఉంది.

9. రాళ్లు చూడండి

వెళ్లే వీలుంటే జోస్లాన్‌తో మొదలుపెట్టండి. నది వైపు నుంచి చూస్తే క్లిసన్ కాలపు బురుజులు, మొరటుగా, నిటారుగా. లోపలి ఆవరణలోకి వెళ్తే జాన్ 2 కట్టించిన నగిషీల ముఖభాగం, రాతిలో చెక్కిన "ఆ ప్లూ" నినాదంతో. ఒకే భవనానికి యుద్ధకాలపు ముఖం ఒకటి, దర్బారు ముఖం ఇంకొకటి. ఊరి చర్చి నోత్ర్ దామ్ దు రోన్సియేలో క్లిసన్, భార్య మార్గరెట్ రోహాన్ సమాధి ఉంది. పోంటివిలో జాన్ 2 కట్టిన కోట ఉంది, 2014లో వానలకు దాని ప్రాకారంలో కొంత కూలింది. లాండెర్నోలో ఇళ్లు కట్టిన వంతెన రోహాన్ పేరుతోనే ఉంది, 1510లో అతనే తిరిగి కట్టించాడు.

10. రైతులను వదిలేయకండి

రోహాన్ జాగీరులో ఒక స్థానిక ఆచారం ఉండేది. అక్కడి కౌలు రైతు చనిపోతే కమతం మొత్తం చిన్న కొడుక్కి దక్కేది, పెద్దవాళ్లకు కాదు. ప్రభువుల ఇంట పెద్దవాడికి, వాళ్ల పొలం దున్నేవాడి ఇంట చిన్నవాడికి! అవ్యూలు చదివేటప్పుడు ఇది గుర్తుంటే కమతాల జాబితాల్లోని పేర్లకు అర్థం వస్తుంది. కుటుంబ చరిత్రలు చాలావాటిలో ఈ అధ్యాయం ఉండదు, మీరు రాసేదాంట్లో ఉండేలా చూడండి.

11. ఎక్కడ ఆపాలి, వృక్షం ఎలా గీయాలి

ఇప్పుడు వృక్షం గీయండి. మగవాళ్ల పేర్ల మధ్య గీతలు సన్నగా, పెళ్లి గీతలు మందంగా వేసి, ప్రతి పెళ్లి గీత మీద వచ్చిన ఊరి పేరు రాయండి.

ఆపడానికి జాన్ 2 చనిపోయిన 1516 సులువైన చోటు. నేనైతే ఇంకొంచెం ముందుకెళ్లమంటాను. అతని కొడుకులు సంతానం లేకుండా పోయారు, ఆస్తి కూతురు ఆన్‌కు వచ్చింది. పేరు పోకుండా ఆమెను గెమెనే శాఖ నుంచి చీలిన బంధువు పియెర్ ద రోహాన్‌కే ఇచ్చి పెళ్లి చేశారు. 1603లో ఆ వంశంలోని హెన్రీకి డ్యూకు హోదా దొరికింది, డ్యూకునవడం చిన్నతనమన్న నినాదం సంగతి ఏమైందో మరి. అతని ఏకైక వారసురాలు మార్గరెట్ 1645లో హెన్రీ షాబోను పెళ్లాడింది, పిల్లలకు రోహాన్ పేరే ఉండాలన్న షరతుతో. జోస్లాన్ కోట ఇప్పటికీ ఆ రోహాన్ షాబో కుటుంబం చేతిలో ఉంది. కొంత భాగం సందర్శకులకు తెరిచి ఉంచుతారు. శీతాకాలంలో మూసే రోజులుంటాయి కాబట్టి బయల్దేరే ముందు వేళలు చూసుకోండి.